పాతపట్నానికి 22, పర్లాకిమిడికి 24: ఆఫీసులో ఉమ్మడి కేలండర్ వాడే పద్ధతి

మా ఆఫీసు గోడకి రెండు కేలండర్లు వేలాడుతుంటాయి. ఎడం పక్కన కోహినూర్ ఒడియా కేలండరు, కుడి పక్కన వెంకట్రామా తెలుగు కేలండరు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో టాక్సు ఆఫీసన్నాక రెండూ ఉండాల్సిందే. మా దగ్గరికొచ్చే వ్యాపారుల్లో సగం మంది ఊళ్లోవాళ్లు, కాశీనగరం, గుణుపురం వైపు వాళ్లు. మిగతా సగం ఆంధ్రా వైపు పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి వాళ్లు. బస్సెక్కితే కాసేపట్లో రాష్ట్రం మారిపోతుంది. దాంతోపాటు జీఎస్టీ గడువూ మారుతుంది. ఈ సంగతి చదివినప్పుడు నా బుర్రకెక్కలేదు, వంద రూపాయలు పోయాక ఎక్కింది.

అప్పటికి మేం గూగుల్ కేలండర్ మొదలెట్టి ఏడాది కూడా కాలేదు. టర్నోవరు ఐదు కోట్లలోపు ఉన్న వ్యాపారి జీఎస్టీ రిటర్ను మూణ్ణెల్లకోసారి వేసుకోవచ్చు. ఆ మూణ్ణెల్ల 3బికి (లెక్క చూపించి పన్ను కట్టే రిటర్ను) ఒడిశా వాళ్ల గడువు తర్వాతి నెల 24. ఆంధ్రా, తెలంగాణ, మహారాష్ట్ర వాళ్లకి 22. నేనేమో ఉమ్మడి కేలండర్లో 24వ తేదీన ‘క్వార్టర్లీ 3బి’ అని ఒకే ఒక్క ఎంట్రీ పెట్టి, మూణ్ణెల్లకోసారి అదే తిరిగేలా చేసి, హమ్మయ్య అనుకున్నాను. అక్టోబరులో పాతపట్నం హార్డ్‌వేర్ షాపాయన రిటర్ను 24నే వేశాం. రెండ్రోజులు ఆలస్యం. రోజుకి 50 చొప్పున 100 రూపాయల లేట్ ఫీ, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన రెండ్రోజుల వడ్డీ.

“ఏటమ్మా, మీ ఒడిశావోళ్ల తేదీ మాకు అంటించినారేటి?” అన్నాడాయన ఫోన్లో. లక్షల్లో పన్ను కట్టినప్పుడు నోరెత్తని మనిషి ఆ వందకి మూడుసార్లు ఫోన్ చేశాడు. తప్పు మాది కాబట్టి వందా సార్ జేబులోంచే పోయింది. సార్ ఏమీ అనలేదు. గోడ కేలండరు వైపు ఒకసారి, నా ఫోన్ వైపు ఒకసారి చూశారు, అంతే. ఆ చూపు కంటే తిట్టుంటే బావుండేది.

కింద రాసేవన్నీ అలాంటి దెబ్బలు తిన్నాక మేం ఆరుగురం కూచుని పెట్టుకున్న పద్ధతులు. మీది టాక్సు ఆఫీసు కాకపోయినా, మిల్లయినా, క్లినిక్కయినా, కాంట్రాక్టరు ఆఫీసయినా చాలామటుకు పనికొస్తాయి.

ముందు, కేలండర్ ఎవరి మెయిల్లో పుట్టాలన్నది తేల్చుకోండి. మా మొదటి కేలండర్ అప్పట్లో పనిచేసిన ఒకబ్బాయి సొంత జీమెయిల్లో ఉండేది. చురుకైనవాడు, అన్నీ తనే పెట్టాడు. భువనేశ్వరంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక మాకు అర్థమైంది, ఆఫీసు గడువులన్నీ వాడి ఖాతాలో ఉండిపోయాయని. మంచివాడు కాబట్టి అడిగితే ఇచ్చాడు. అందరూ అలా ఉండరు. ఆఫీసు పేరుతో ఒక మెయిలు తెరిచి, అందులోనే కేలండర్ తయారుచేయండి. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరి దగ్గరే కాదు, ఆరుగురి దగ్గరా కాదు.

ఈ పనికి ఫోన్ పెట్టుకోకండి, కంప్యూటర్ ముందు కూచోండి. బ్రౌజర్లో కేలండర్ తెరిస్తే ఎడమ పక్క కిందుగా ‘ఇతర కేలండర్లు’ అని ఉండి, దాని పక్కనే ప్లస్ గుర్తు ఉంటుంది. అక్కడ కొత్త కేలండర్ చేసి, దాని సెట్టింగుల్లోకి వెళ్లి, మనుషుల మెయిళ్లు ఒక్కొక్కటే చేర్చాలి. చేర్చేటప్పుడు ఎవరికి ఎంత అధికారమో అడుగుతుంది. నాలుగు మెట్లుంటాయి: ఖాళీయా, బిజీయా అన్నంతవరకే చూడటం, వివరాలన్నీ చూడటం, ఎంట్రీలు మార్చడం, మార్చడంతోపాటు ఇంకొకరికి షేర్ చేయడం. మా దగ్గర మార్చే అధికారం నాకూ, భాయినాకీ. (మా ఆఫీసులో అందరికంటే పాత ఒడియా అకౌంటెంటుని చిన్నాపెద్దా అందరం భాయినా అనే పిలుస్తాం. సార్ కూడా.) మిగతావాళ్లు అన్నీ చూడగలరు, మార్చలేరు. మొదట్లో ‘మనలో మనకి తేడాలెందుకు’ అని అందరికీ మార్చే అధికారం ఇచ్చాం. దాని ఫలితం తర్వాత చెప్తాను.

అదే పేజీలో కేలండర్‌ని ఎవరైనా చూసేలా చేసే టిక్కు ఒకటుంటుంది. దాని జోలికి పోవద్దు. ఎంట్రీల్లో వ్యాపారుల పేర్లుంటాయి. పాస్‌వర్డులు, పాన్ నంబర్లు అయితే ఎంట్రీ వివరాల్లో కూడా రాయకండి.

ఒకటే కేలండర్ చాలదు. అన్నీ ఒకదాంట్లో కుక్కితే నెల పేజీ సంతలా తయారవుతుంది. మేం నాలుగు పెట్టుకున్నాం: ‘21 గడువులు’, ‘37 గడువులు’, ‘సెలవులు’, ‘ఎవరెక్కడ’. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఒడిశాది 21, ఆంధ్రాది 37. మా ఆఫీసులో మనుషుల్ని కూడా “ఆయన ముప్ఫై ఏడు” అనడం అలవాటైపోయింది, రేషన్ కార్డులాగా. ఎవరికి ఏది అక్కర్లేదో వాళ్లు ఆ కేలండర్ టిక్కు తీసేసుకుంటే తెర మీద కనిపించదు, ఇంకొకరికి ఏమీ తేడా రాదు.

రంగుల్ని మాత్రం నమ్ముకోవద్దు. “ఎర్రగా ఉన్నది చూడు” అని ఒకమ్మాయికి ఫోన్లో చెప్పాను. ఆ పిల్ల తెర మీద అది ఆకుపచ్చ. కేలండర్ రంగు ఎవరికి వాళ్లు మార్చుకోవచ్చు, ఇంకొకరి తెర మీద అది మారదు. అందుకే 21, 37 అన్నవి పేర్లోనే ఉండాలి.

ఇక ఎంట్రీ పేరు రాయడం. ఫోన్లో నెల పేజీ చూస్తే పేరులో మొదటి ఐదారు అక్షరాలే కనిపిస్తాయి. ‘రిమైండర్ ఫర్ ఫైలింగ్ ఆఫ్...’ అని మొదలెడితే నెలంతా ‘రిమైం’, ‘రిమైం’ అనే కనిపిస్తుంది. ముందు రాష్ట్రం అంకె, తర్వాత పని, తర్వాత ఎవరిది, చివర ఎవరు చేస్తారు: ‘37 3బి హార్డ్‌వేర్ - భాయినా’. చివరి పేరు లేని ఎంట్రీని మేం ఒప్పుకోం. అందరి పనీ అని రాస్తే ఎవరూ చేయరు. పెళ్లింట్లో నీళ్ల గ్లాసుల సంగతి మీకు తెలియంది కాదు.

ఏ భాషలో రాయాలన్నది మా ఊళ్లో చిన్న తగువే. భాయినాకి తెలుగు మాట్లాడ్డం బాగా వచ్చు, చదవడం రాదు. నాకు ఒడియా చదవడం కూడబలుక్కుంటేనే. కాబట్టి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మాట మాత్రం మేం నోటితో అనేదే. బిల్లులు అడగాలి అంటే ‘బిల్లులు అడుగు’ అనే రాస్తాం, ఆఫీసు భాషలోకి మార్చం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ కేలండర్లో గ్రాంథికం రాస్తే ఆయన ఊరుకుంటారా!

రాసే ముందు ఇంకొకటి చూసుకోవాలి. కొత్త ఎంట్రీ పెట్టగానే అది మీ సొంత కేలండర్లో పడుతుంది, ఉమ్మడి దాంట్లో కాదు. పేరు, తేదీ రాశాక కేలండర్ పేరున్న చోట నొక్కి ‘37 గడువులు’ అని మార్చాలి. మర్చిపోతే మీకు కనిపిస్తుంది, మిగతా ఐదుగురికి కనిపించదు. మీరేమో పెట్టాననుకుంటారు, వాళ్లేమో లేదంటారు. మా ఆఫీసులో సగం గొడవలు ఇక్కడే పుట్టాయి. నేను ఏది పెట్టినా పక్కమ్మాయిని “నీకు కనబడతందా?” అని అడిగి, ఆ తర్వాతే వేరే పని చూస్తాను.

గంట ఎవరి ఫోన్లో మోగుతుంది

ఇది మాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఉమ్మడి కేలండర్లో ఎంట్రీ పెట్టి, ‘ఒక రోజు ముందు గుర్తుచెయ్యి’ అని నేను పెడితే, అది నా ఫోన్లోనే మోగుతుంది. మిగతావాళ్ల ఫోన్లలో మోగదు. నోటిఫికేషన్ సెట్టింగు ఎవరిది వాళ్లదే. నేను పెట్టాను కదా అందరికీ మోగుతుందని నేనూ, ఆవిడ పెట్టింది కదా మోగితే చూద్దామని వాళ్లూ కూచున్నాం.

అందుకని కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు వాళ్ల మెయిలుతో కంప్యూటర్లో కేలండర్ తెరిపించి, నాలుగు కేలండర్లకీ వేర్వేరుగా నోటిఫికేషన్లు మా ఎదుటే పెట్టిస్తాం. గంట, నిమిషం ఉన్న ఎంట్రీలకి ఒక సెట్టింగు, రోజంతా ఉండే ఎంట్రీలకి వేరే సెట్టింగు ఉంటుంది. గడువులన్నీ రోజంతా ఉండే ఎంట్రీలే కాబట్టి రెండోది ముఖ్యం. దాన్ని ‘ఒక రోజు ముందు, ఉదయం 10 గంటలకి’ అని పెట్టాం. అర్ధరాత్రో, తెల్లారి నాలుగుకో మోగేలా పెట్టుకుంటే నిద్రలో తుడిచేసి మర్చిపోతారు. ఆఫీసులో కుర్చీలో కూచున్నప్పుడు మోగాలి.

తర్వాత ఫోన్ సంగతి. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే నోటిఫికేషన్ ఆలస్యంగా వస్తుంది. కేలండర్ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి షేర్ చేసిన కేలండర్‌కి సింక్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడాలి. మా ఆఫీసు అమ్మాయికి మెయిలొచ్చింది, కంప్యూటర్లో కనిపించింది, ఫోన్లో మాత్రం నెల రోజులు ఖాళీ పేజీ.

ఒక మనిషి కచ్చితంగా చేయాల్సిన పనైతే ఎంట్రీ పేర్లో పేరు రాయడంతో వదలకండి, ఆ మనిషి మెయిలు అతిథిగా చేర్చండి. అప్పుడది వాళ్ల సొంత కేలండర్లో కూడా పడి, వస్తారా రారా అని అడుగుతుంది. ‘అవును’ నొక్కాక ఆ పని వాళ్లది. టెక్కలి వెళ్లి రికార్డులు చూసి రావడం, సార్‌తో మీటింగు లాంటివి మేం ఇలాగే పెడతాం. గడువులన్నిటికీ ఇలా చేస్తే మెయిలు పెట్టె నిండిపోతుంది, ఎవరూ చూడటం మానేస్తారు.

గడువు రోజు రాస్తే పని కాదు

నెలనెలా 3బి వేసేవాళ్లకి గడువు 20. ఆ తేదీన ‘3బి’ అని రాసి ఉంచితే ఏమవుతుంది? 19న మోగుతుంది. 19న ఫోన్ చేస్తే షాపాయన బిల్లులు ఇంకా సంచిలోనే ఉంటాయి. 20న పోర్టల్ నత్త నడక. మన పన్ను లెక్కలు కేలండర్లో ఒక్క రోజు కాదు, రెండు వారాల నడక. అందుకని ప్రతి నెల 3బికీ మేం గడువు కాక నాలుగు ఎంట్రీలు పెడతాం. 5న ‘బిల్లులు అడుగు’. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల బిల్లులు చూపించే రిటర్ను) గడువు. 14న ‘2బి దించు’, అంటే మనకి అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టీ పోర్టల్లో తయారయ్యే రోజు. 18న ‘లెక్క చూపించి ఓటీపీ టైము అడుగు’. తర్వాత 20 గడువు. నిజానికి మాకు 18న మోగిందే అసలు గడువు, 20 ఉత్త ఊరట.

ఓటీపీ అన్నాను కదా. చిన్న వ్యాపారుల రిటర్ను చివర్లో వాళ్ల ఫోన్‌కి వచ్చే ఓటీపీ కొడితేనే దాఖలవుతుంది. మనం ఎంత తయారుగా ఉన్నా ఆ మనిషి ఫోన్ ఎత్తాలి. కాబట్టి 18వ తేదీ ఎంట్రీని రోజంతా ఉండేలా కాకుండా గంటతో పెట్టాలి. ‘సాయంత్రం 4, కిరాణా ఆయన ఓటీపీ’. ఆయన మధ్యాహ్నం పడుకుంటాడని, నాలుగింటికి టీ తాగుతూ ఫోన్ ఎత్తుతాడని వివరాల్లో రాసి ఉంటుంది. ఇదేమిటని నవ్వకండి. కిందటేడు మా అమ్మాయి పురిటికి నేను విశాఖపట్నం వెళ్లి మూడు వారాలు ఉన్నాను. నా పనంతా భాయినా చేశాడు, ఒక్క ఫోన్ కూడా చేయకుండా. నా ఎంట్రీలు నాకోసం కాదు, నేను లేని రోజు తెరిచేవాళ్ల కోసం రాయాలని అప్పుడు బాగా తెలిసింది. అప్పట్నించి వివరాల పెట్టెలో ఫైలు ఎక్కడుందో, ఎవరికి ఏ వేళకి ఫోన్ చేయాలో, కిందటిసారి ఎక్కడ ఇరుక్కున్నామో రెండు ముక్కలు రాస్తున్నాను.

మిగతా నెల తేదీలు చప్పున చెప్పేస్తాను, టాక్సు పనివాళ్లకి అక్కరకొస్తాయి: టీడీఎస్ కట్టడానికి 7 (మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30), పీఎఫ్, ఈఎస్ఐలకి 15, మూణ్ణెల్ల వాళ్ల జీఎస్టీఆర్-1 కి 13, మూణ్ణెల్లలో మొదటి రెండు నెలలకి వాళ్లు కట్టే చలానుకి 25. ఇవన్నీ ‘ప్రతినెలా ఈ తేదీ’ అనో, ‘మూణ్ణెల్లకోసారి’ అనో తిరిగే ఎంట్రీలుగా ఒకసారి పెట్టేస్తే చాలు. ప్రభుత్వం గడువు పొడిగించినప్పుడు ఆ ఒక్క నెలది మార్చి, వివరాల్లో ఎందుకు మార్చామో రాయండి.

ఆ మార్చేటప్పుడే ప్రమాదం. తిరిగే ఎంట్రీని మార్చినా తీసేసినా అది అడుగుతుంది: ఈ ఒక్కటేనా, ఇదీ దీని తర్వాతవా, అన్నీనా అని. మా ఆఫీసు కుర్రాడు ఒక నెల పని అయిపోయిందని ఆ ఎంట్రీ తుడిచేద్దామనుకుని ‘అన్నీ’ నొక్కాడు. ఏడాది పొడుగునా 11వ తేదీలు మాయం. తీసేసినవి 30 రోజులపాటు ట్రాష్‌లో ఉంటాయి కాబట్టి సరిపోయింది. కంప్యూటర్లో సెట్టింగుల గుర్తు కింద ఆ ట్రాష్ ఉంటుంది, మార్చే అధికారం ఉన్నవాళ్లే తెరవగలరు. ఆ సాయంత్రమే నాకూ, భాయినాకీ తప్ప అందరికీ మార్చే అధికారం తీసేశాం. పని అయిపోతే తుడవం ఇప్పుడు, పేరు చివర ‘ఐంది’ అని చేరుస్తాం. మార్చి వచ్చేసరికి ఏది ఎప్పుడు వేశామో చూసుకోడానికి అదే రిజిస్టరు.

రెండు పంచాంగాల ఊరు

గూగుల్‌లో భారతదేశ సెలవుల కేలండర్ తయారుగా దొరుకుతుంది, టిక్కు పెడితే వచ్చేస్తుంది. అది మాకు చాలదు. ఏప్రిల్ 1 ఉత్కళ దినం, ఒడిశాలో సెలవు. పాతపట్నంలో మామూలు రోజు. ఉగాదికి అటు సెలవు, మా భాయినా వచ్చి ఆఫీసు తెరుస్తాడు. జనవరిలో మూణ్ణెల్ల జీఎస్టీఆర్-1 గడువు 13. భోగి ఆ రోజో మర్నాడో. ఓటీపీ కోసం ఫోన్ చేస్తే ముప్ఫై ఏడు వాళ్లలో ఒక్కడు ఎత్తితే ఒట్టు, ఎత్తినా వెనక మంటల చప్పుడూ, పిల్లల గోలా. కాబట్టి జనవరికి మాత్రం ‘37’ వాళ్ల ఎంట్రీలన్నీ 9కే జరిపాం. జూన్‌లో అటుదిటు. ఒడియా ఆడపిల్లలు ఉయ్యాలలూగే రజ పండగ 14, 15 ప్రాంతంలో వస్తుంది. సరిగ్గా 15న అడ్వాన్స్ టాక్సు మొదటి వాయిదా, పీఎఫ్. మా ఒడియా అమ్మాయి ఉయ్యాల దగ్గరుంటుంది, రావాలని అడగడం కూడా పాపం. ఆ పనులు 12కి. పండగ మర్నాడు పొడొపిఠా (ఒడియా వాళ్ల పిండివంట) డబ్బా వస్తుంది, అది వేరే లాభం.

తిథి ప్రకారం వచ్చే పండగల్ని ‘ప్రతి సంవత్సరం’ అని తిరిగేలా పెట్టకండి, మరుసటేడు తప్పు తేదీన మోగుతాయి. ఉత్కళ దినం, ఆగస్టు 15 లాంటివే అలా పెట్టొచ్చు. మిగతావి ఏటేటా చేత్తో ఎక్కించాల్సిందే. కొత్త కేలండర్లు గోడకెక్కిన రోజు నేనూ, భాయినా ఎదురెదురుగా కూచుని, ఆయన కోహినూరు చదువుతుంటే నేను వెంకట్రామా చదువుతూ ఎక్కిస్తాం. గంటన్నర పని.

అక్కడే ఒక తమాషా ఉంది. ఒడియా వాళ్లకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలై, కార్తీక పున్నమికి అయిపోతుంది. మర్నాడు ఛాడఖాయి, అంటే కార్తీకమంతా నీసు మానినవాళ్లు మళ్లీ తినే రోజు, మాంసం దుకాణాల దగ్గర బారులు. మనకేమో ఇంకా పక్షం రోజులు కార్తీకం. వాళ్ల మార్గశిర లక్ష్మివారాలు (గురువారం పూజలు) అప్పుడే మొదలైతే మనవి ఇంకో రెండు వారాలకి. అంటే దాదాపు ఆరు లక్ష్మివారాలు ఆఫీసులో ఎవరో ఒకరు పూజకని ముందే వెళ్తారు. ఇదంతా ‘ఎవరెక్కడ’ కేలండర్లో ముందే పెట్టేస్తే, ఆ సాయంత్రాలకి ఎవరూ ఓటీపీ పనులు పెట్టుకోరు. ఆఫీసు విందుకి తేదీ వెతకడానికి కూడా ఇదే ఆధారం. ఛాడఖాయి రోజు పెడదామని భాయినా ఏటా అడుగుతాడు, ఏటా ఓడిపోతాడు.

‘ఎవరెక్కడ’ గురించి ఒక మాట. సెలవు పెట్టేవాళ్లు కారణం రాయక్కర్లేదు. ‘అమ్మి లేదు’ అని పేరు, రోజు చాలు. ఆసుపత్రికో, పెళ్లిచూపులకో, అది ఆరుగురు చదవాల్సిన సంగతి కాదు. రోజంతా ఉండే ఎంట్రీ పెడితే గూగుల్ దాన్ని మామూలుగా ‘ఖాళీ’ అనే లెక్కేస్తుంది. సెలవు ఎంట్రీల్లో దాన్ని ‘బిజీ’కి మార్చాలి.

ఇవన్నీ పెట్టాక కూడా వారానికోసారి చూడకపోతే కేలండర్ అటక మీద సామానే. మేం శనివారం మధ్యాహ్నం టీ వేళ పావుగంట వచ్చే వారం పేజీ తెరుస్తాం. కొత్తగా ఏదీ చర్చించం. ఏ ఎంట్రీకి పేరు లేదు, ఏది ఇద్దరి మీద పడింది, ఎవరు సెలవు, అంతే. పావుగంట దాటితే ఎవరూ ఆగరు, గుణుపురం బండి పట్టుకోవాల్సిన అమ్మాయి అసలే ఆగదు.

నెల చివరి శనివారం మాత్రం ఇంకో పని ఉంటుంది. వచ్చే నెల పేజీని కంప్యూటర్ నుంచి ప్రింటు తీస్తాం. వానాకాలంలో మా ఊళ్లో కరెంటూ, నెట్టూ కలిసే పోతాయి, అప్పుడు ఆ కాగితమే దిక్కు. దాన్ని కోహినూరుకీ వెంకట్రామాకీ మధ్య మేకుకి తగిలిస్తాం. సార్ ఫోన్లో నాలుగు కేలండర్లూ ఉన్నాయి, సింకూ ఉంది, నోటిఫికేషన్లూ నేనే పెట్టాను. ఆయన ఇప్పటికీ లేచి వెళ్లి ఆ కాగితమే చూస్తారు.